నున్నటి గుండు మీద నీళ్ల బిందె

నా చిన్నప్పుడు పునరుత్థాన పండుగ దగ్గర పడుతోందంటే అందరికీ కొత్తబట్టల సంబరం, నాకేమో భయం. మాది ఆలూరు పక్కన, వాన కోసం మొగం పైకెత్తి చూసే ఊరు. ఊరి వెనకే గుట్ట. పండుగనాడు తెల్లవారకముందే చర్చివాళ్లమంతా గుట్టెక్కి, పొద్దు పొడిచే వేళకు పాటలు పాడి ప్రార్థన చేసుకోవడం మా తాతల నాటి ఆనవాయితీ. గుట్ట ఎవరైనా ఎక్కగలరు గానీ, కొన దగ్గర ఒక నున్నటి రాతిగుండు ఏటవాలుగా అడ్డం ఉంటుంది. అది ఎక్కలేని ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ కిందే కూర్చుని పాట వినాలి.

ముందటేడు నేను ఆ గుండు మధ్యలో అతుక్కుపోయాను. పైకి పోలేను, కిందికి రాలేను. కళ్లు మూసుకుని, రాయిని కావిలించుకుని ఏడుస్తుంటే మా నాన్న వీపున వేసుకుని దింపాడు. చర్చి చర్చంతా చూసింది. ఇంకేముంది, ఆ రోజు నుంచి నా పేరు బల్లి. ఈసారి కూడా ఎక్కలేకపోతే పెళ్లినాడు సైతం బల్లి అనే పిలుస్తారని నా బెంగ. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది నాకు.

ఆ ఏడు పండుగనాడు గుండు దగ్గరికి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. మా చిన్నాన్న కొడుకు పైనుంచి తొంగిచూసి, "ఏమే బల్లీ, ఈ తూరి యాడ అతుక్కుంటావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను వంగి రెండు చేతులూ రాతికి ఆనించాను.

నా వెనక మా మేనత్త వస్తోంది. పైన అందరూ తాగడానికి నీళ్లు మోసేది ఆమే. ఏమనుకుందో ఏమో, పాత చీర పేలిక చుట్ట చుట్టి నా నెత్తిన పెట్టి, తన దగ్గరున్న చిన్న బిందె దాని మీదికి ఎత్తింది. ఉట్టికెగరలేనమ్మను స్వర్గానికెగరమన్నట్టుంది.

"అత్తా, వట్టి చేతులతోనే ఎక్కలేను, ఇంక బిందెతో యాడ ఎక్కేది?"

"గుండు సంగతి నీకెందుకే? నీళ్లు చూసుకో. పైన అందురూ గొంతులెండి ఉండారు. చుక్క ఒలికినా ఊరుకోను, పో!"

బిందె నెత్తికెక్కాక వంగడానికి లేదు, వంగితే నీళ్లు మెడలోకొస్తాయి. నిటారుగా నిలబడ్డాను. ఒక చెయ్యి బిందెకు పోయింది కాబట్టి రాయిని కావిలించుకునే మాటే లేదు. భయపడుతూనే అడుగేశాను. చిత్రం, కాలు జారలేదు. ముందటేడు రాతి మీద బోర్లా పడుకుంటే బరువంతా కడుపు మీద పడి పాదాలకు పట్టు దొరకలేదు. ఇప్పుడు బరువు అరికాళ్లలోకి దిగింది. ఉత్త కాళ్లు రాతిని కరిచి పట్టుకున్నాయి. రోజూ బావి నుంచి ఇంటికి నడిచినట్టే నడిచాను. వెనక అత్త అడుగుల చప్పుడు వినబడుతోంది.

కాసేపటికి రాయి అయిపోయి ఆకాశం వచ్చింది. పాడేవాళ్లు పాట ఆపేశారు. మా నాన్న నోరు తెరిచి చూస్తున్నాడు. అప్పుడే పొద్దు పొడిచి, కింద చేలన్నీ ఎర్రగా కనిపించాయి. ఎంత సంతోషమో! నేను బిందె దించలేదు. అందరూ తనివితీరా చూసేదాకా అలాగే నిలబడ్డాను. ఆ గర్వం పాపమైతే దేవుడు క్షమించే ఉంటాడు, పండుగ రోజు కదా. మొదటి చెంబు నన్ను వెక్కిరించినవాడికే పోశాను. వాడు తాగి, నా అసలు పేరు పెట్టి పిలిచి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.

భయం వేస్తే మనిషి వంగిపోతాడు, దొరికినదాన్ని కావిలించుకుంటాడు. జారేది అప్పుడే. మా ఆయన చనిపోయిన ఏడు, చేను అమ్మేసి తమ పంచన ఉండమని చుట్టాలంతా చెప్పారు. నాకూ వంగిపోవాలనే అనిపించింది. కానీ మర్నాడు పొద్దున్నే చేనికి పోయి నిలబడ్డాను. ఆ చేను ఈనాటికీ నాదే.

మొన్న పండక్కి కూడా గుట్టెక్కాను. గుండు దగ్గర మనవడు చెయ్యి చాచాడు. "చెయ్యి వద్దప్పా, దోవ ఇడువు" అన్నాను.