కిందికి దిగిన కానాగంతలు

ఈ ఉదయం ఏలూరు మార్కెట్లో ఐసుపెట్టె మూత తీసి చెయ్యి పెట్టగానే మణికట్టు దాకా జివ్వుమంది. కరిగిన ఐసునీళ్ళలో కానాగంతలు నీలంగా, నిగనిగలాడుతూ, ఇంకా ఈదబోతున్నట్టే ఉన్నాయి. ఆ చలి తగిలినప్పుడల్లా నాకు జానీ బాషా గారు గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్ళయింది. సముద్రపు చేపల వ్యాపారంలో నాకు యజమాని, గురువు ఆయనే. పదిమందిలో నన్ను మూడుసార్లు చిన్నబుచ్చిన మనిషి కూడా ఆయనే. ఆ మూడూ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి. ఇక్కడ ఒక్కదాని గురించే రాస్తాను. మిగిలిన రెండింటిలో తప్పు ఆయనదే.

మాది దెందులూరు దగ్గర చేపల చెరువులున్న ఊరు. కొల్లేటి పక్కన పుట్టినవాళ్ళకి చేప అంటే నాలుగు గట్ల మధ్య ఉండేది. పిల్లను మనమే వదులుతాం, మేత మనమే వేస్తాం. పట్టుబడి నాడు చేప తగ్గిందంటే ఎవరో దొంగవల వేశారనే అర్థం. మా నాన్న చెరువులో అలా రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ పేర్లు పెట్టి మరీ ఫిర్యాదులు రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఆ మంట చల్లారకుండానే, ఇరవై రెండేళ్ళ వయసులో బాషా గారి కొట్టులో పనికి కుదిరాను.

నరసాపురం వైపు తీరం నుంచి మాకు రోజూ వ్యానులో చేపలొచ్చేవి. పంపేది అప్పన్న అనే సరంగు. తన పడవ, తన వల, తనతో ఆరుగురు మనుషులు. బాషా గారు అతనికి ఫోను చేస్తే ధర అడిగే ముందు ఒకటే అడిగేవారు. “ఏవండీ అప్పన్నా, నీళ్ళెలా ఉన్నాయి?” కుర్రతనంలో ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేశారు. వేడీ చలీ పట్టించుకోవడం అప్పటి అలవాటు కాబోలు అనుకున్నాను. కుశలప్రశ్న లాంటిదనుకుని ఊరుకున్నాను.

ఆ ఏడు ఫిబ్రవరి ఆఖరుకే ఎండలు ముదిరాయి. కానాగంతలు రావడం తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. బాషా గారు ఊళ్ళో లేరు. నేనే ఫోను చేశాను.

“చేప కిందికి దిగిపోయిందండీ. పైన నీళ్ళు కాగిపోతంటే అదెందుకుంటదండీ పైన?” అన్నాడు అప్పన్న.

“మరి నిన్న భీమవరంలో కానాగంతలు అమ్మారట కదా?”

“అయ్యి లోతుకెళ్ళే పెద్ద పడవలయ్యుంటాయండీ.”

“అందరికీ దొరికిన చేప మీకే దొరకలేదన్నమాట.”

“ఇది చెరువు కాదండీ బాబూ, సముద్రం” అని పెట్టేశాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా ఊరునీ మా నాన్ననీ కలిపి అన్నట్టే అనిపించింది. ఆ మధ్యాహ్నమే అక్కడి పడవల సంఘానికి మూడు పేజీలు రాశాను. మాకు రావలసిన చేపని అప్పన్న దారిలోనే వేరేవాళ్ళకి మళ్ళిస్తున్నాడని, విచారణ జరపాలని. జీవితంలో మొదటిసారి నా ఫిర్యాదుని ఎవరో పట్టించుకున్నారు. విచారణ తేలేదాకా అతని పడవకి ఐసు, డీజిలు ఇవ్వకూడదని సంఘం తీర్మానించింది. ఏడుగురు మనుషులు వేటకి వెళ్ళకుండా ఒడ్డున కూర్చున్నారు.

బాషా గారు ఊరినుంచి వచ్చి విషయం తెలుసుకున్నారు. కొట్టులో హమాలీలూ కొనేవాళ్ళూ నిలబడి ఉండగా నా ఉత్తరం నకలు మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. “అంతా బాగానే రాశారు సూరిబాబూ. ఆ చేపల్ని కూడా సాక్ష్యానికి పిలిపించాల్సింది” అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మర్నాడు వ్యానులో నన్ను ఎక్కించుకుని బయలుదేరారు. తాడేపల్లిగూడెంలో ఇడ్లీ తిన్నాక ఒక కొట్టులోకి వెళ్ళి రెండు పెద్ద చుట్టల నైలాను తాడు కొనుక్కొచ్చారు. ఎందుకని నేను అడగలేదు. కోపంలో ఉన్నాను.

“అతను నన్ను చెరువు మనిషినన్నాడండీ” అన్నాను, వ్యాను కదిలాక.

“కాదేంటండీ?”

“అయితే మాత్రం అనొచ్చా?”

“అనకూడదు. మీరు దొంగ అనొచ్చా మరి?”

ఆ తరవాత నరసాపురం దాకా నేను కిటికీలోంచి చెరువులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

బాషా గారి మాట మీద సంఘం ఒక్కరోజుకి పడవని వదిలింది. తెల్లారగానే సముద్రంలోకి వెళ్ళాం. అప్పన్న నాకేసి చూడలేదు. బాగా లోపలికి వెళ్ళాక బాషా గారు సంచిలోంచి ఒక గాజుసీసా, థర్మామీటరు తీశారు. సీసా మెడకి సీసం గుండు, పొడుగాటి సన్నతాడు, బిరడాకి విడిగా ఇంకో దారం. మొదట పైనీళ్ళు ముంచి చూపించారు. తరవాత బిరడా బిగించి సీసాని కిందికి, కిందికి, చేతిలో తాడు అయిపోయేదాకా వదిలారు. దారం లాగితే ఆ లోతులో బిరడా ఊడి అక్కడి నీళ్ళు నిండుతాయి. పైకి లాగి, థర్మామీటరు పెట్టేముందు, “వేలు పెట్టండి” అన్నారు.

పెట్టాను. పైన గోరువెచ్చని సముద్రం. ఆ సీసాలో మాత్రం పుష్యమాసపు చలి. థర్మామీటరు కూడా నాలుగు డిగ్రీల తేడా చూపించింది.

“చేపకి దుప్పటీ లేదు, ఫ్యానూ లేదు సూరిబాబూ. ఒంటికి సరిపడిన నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. చలికాలం ఒడ్డుకొస్తుంది, ఎండ ముదిరితే లోతుకు దిగుతుంది. దాన్ని ఆపడానికి గట్లు లేవు కదండీ ఇక్కడ.”

“నేనదే చెప్పానండీ ఫోన్లో. ఆయన ఇంటేగా?” అన్నాడు అప్పన్న, సముద్రంతో చెబుతున్నట్టు.

గూడెంలో కొన్న తాళ్ళు అప్పుడు బయటికి వచ్చాయి. వలకి పైన తేలే బుడగలుంటాయి. వాటి తాళ్ళు ఎంత పొడుగుంటే వల అంత లోతున నిలబడుతుంది. అప్పన్న దగ్గరున్నవి పొట్టి తాళ్ళు. వాళ్ళు కొత్తవి ముడులేస్తూ ఉంటే నాకు ఒక సంగతి వెలిగింది. తాళ్ళు గూడెంలోనే కొన్నారంటే, అప్పన్న మాట నిజమని బాషా గారికి ఏలూరులోనే తెలుసు. ఆయనకి ఆ సీసాతో పనిలేదు. అది నాకోసం తెచ్చారు.

రెండు గంటల తరవాత వల లాగారు. మొదటి బారలు ఖాళీగా వచ్చాయి. నేను అప్పన్న ముఖం చూడలేక అతని చేతులు చూస్తూ కూర్చున్నాను. తరవాత ఒకటి తళుక్కుమంది, తరవాత నాలుగు, ఆ తరవాత వల బరువెక్కింది. పడవ నిండలేదు గానీ, మనిషి మాట నిలబడేటన్ని చేపలు పడ్డాయి.

ఒడ్డుకి రాగానే బాషా గారు సంఘం గదిలో నా ముందు కాగితాలు పెట్టారు. నేను నాలుగు పేజీలు రాశాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని, పైనీళ్ళ వేడి ఇంత, కిందినీళ్ళ వేడి ఇంత అని, తప్పు పూర్తిగా నాదని. అప్పన్న చదివించుకుని విన్నాడు.

“నాలుగు పేజీలెందుకండీ? తప్పయిపోయిందంటే సరిపోద్ది కదా.”

“తప్పయిపోయిందండీ” అన్నాను.

“సర్లెండి. ఐసు ఇప్పించండి ముందు.”

ఇప్పుడు ఆ కొట్టు నేను నడుపుతున్నాను. నా గుణం మారిందని ఎవరూ అనరు. ఎవరు ఏమన్నా మర్చిపోను, ఫిర్యాదులు రాయడం మానలేదు. ఏదైనా రాకపోతే ఎవరు ఆపారని కాక, అది ఎక్కడికి పోయుంటుందని ముందు అడుగుతాను. బాషా గారి నుంచి నాకు మిగిలింది అదే. సముద్రపు నీళ్ళు ఏ లోతున ఎంత వేడిగా ఉన్నాయో రోజూ తెలుగులో రాసి రేవులో బోర్డు పెట్టించమని రెండేళ్ళుగా ఒక కార్యాలయానికి అర్జీలు పెడుతున్నాను. ఏడింటికి జవాబు లేదు. ఆ ఏడు తేదీలూ నా దగ్గరున్నాయి. ఎనిమిదోది పనిచేసింది.

నిన్న సాయంత్రం అప్పన్న ఫోను చేశాడు. “బోర్డు పెట్టారండీ సూరిబాబు గారూ! పొద్దున్న పడవలన్నీ దాన్ని చూసే బయలెల్లాయి. ఒకటేనండీ, అంకెలు మరీ చిన్నయి. పడవలోంచి ఆనట్లేదు.”

“ఎంత దూరం నుంచి ఆనాలి?” అని అడిగి, తెల్లకాగితం ముందుకు లాక్కున్నాను.