నైనా సైకిల్ చప్పుడు

పరిగెత్తే ఆడపిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఒక్కొక్కళ్ల చేతికి ఒక్కో గడియారం. గుండె ఎంత కొట్టుకుంది, అడుగు ఎంత పడింది, అన్నీ అందులోనే తెలిసిపోతాయట. "అక్కా, మీ కాలంలో ఇవేవీ లేవు కదా, మీరు పేస్ ఎట్లా పట్టుకునేవారు?" అని అడుగుతారు. మా నైనా సైకిల్‌ని బట్టి అంటే కిసుక్కున నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. "ముందు మొత్తం వినండి, అప్పుడు నవ్వుదురు గాని" అని కూర్చోబెడతాను.

మాది మద్రాసులో వ్యాసర్పాడి. తాతల కాలంలోనే ఈ ఊరు వచ్చేసిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాన్నని మేము నైనా అంటాం. ఆయనకి రైల్వే యార్డులో పని. నేను బళ్లో పెట్టే పరుగు పందేలన్నీ గెలుస్తుంటే, కార్పొరేషన్ గ్రౌండులో పిల్లలకి ఆటలు నేర్పే మాస్టరు చూసి, "ఈ అమ్మాయి పొట్టి పరుగులకి కాదు, దూరానికి పుట్టింది" అన్నాడు. దూరం పరిగెత్తాలంటే రోడ్డు కావాలి. గ్రౌండంతా ఫుట్‌బాల్ ఆడే మగపిల్లలదే. రోడ్డు ఖాళీగా ఉండేది తెల్లవారుజామునే. ఆ వేళప్పుడు ఆడపిల్ల ఒంటరిగా రోడ్డు మీద పరిగెత్తడమా! మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

"పరిగెత్తి పాలు తాగేదానికన్నా నిలబడి నీళ్లు తాగేది మేలంటారు. నీకేం పొయ్యేకాలమమే?" అంది.

"నిలబడితే నీళ్లు యాడొస్తాయిమా ఈ మద్రాసులో? లారీ వస్తే దానికీ పరిగెత్తాల్సిందే కదా" అన్నాను. అమ్మకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. బిందెలు పట్టుకుని నీళ్ల లారీ వెనక ఆవిడ పరిగెత్తడం వీధంతా చూసిందే.

ఆ తెల్లారే నైనా రాత్రి డ్యూటీ దిగి వచ్చి, ముఖం కూడా కడక్కుండా సైకిల్ తిప్పి గుమ్మం ముందు నిలబెట్టాడు. "పోదామా పాపా? నేను పక్కనే వస్తా. ఎవురేమంటారో చూస్తా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి నేను పరిగెత్తడం, ఆయన పక్కన తొక్కుకుంటూ రావడం. కుక్కలొస్తే బెల్లు కొట్టేవాడు. లారీలొస్తే తను రోడ్డు వైపుకి జరిగి నన్ను లోపలికి పెట్టుకునేవాడు.

ఆ సైకిల్ గురించి చెప్పాలి. యార్డులో ఎప్పుడో ఇనప ముక్క ఏదో మీద పడి దాని చైన్ కవరు లోపలికి సొట్టపోయింది. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ సొట్టకి తగిలి 'టక్' మనేది. నైనా ఎక్కడున్నాడో వీధి వీధికంతా తెలిసేది. "మనింటికి కోడిపుంజు ఎందుకు, ఈ సైకిల్ చాలదా" అని అమ్మ వెక్కిరించేది. నైనా బాగుచేస్తానంటే నేనే వద్దన్నాను. ఎందుకంటే కొన్నాళ్లకే నా కాళ్లు ఆ చప్పుడు నేర్చుకున్నాయి. టక్కుకీ టక్కుకీ మధ్య నాలుగడుగులు. చప్పుడు తప్పకుండా ఉంటే ఊపిరి కూడా తప్పకుండా ఉండేది. నైనా కాలు కూడా అలాంటిదే. ఎదురుగాలి వచ్చినా, ఎండ ఎక్కినా, ఆ తొక్కుడులో ఇసుమంత తేడా వచ్చేది కాదు.

వ్యాసర్పాడి నుంచి మూలకడై మీదుగా మాధవరం పాల కాలనీ దాకా పోయి తిరిగొచ్చేవాళ్లం. పాల లారీలు క్యాన్లు గలగలలాడించుకుంటూ ఎదురొచ్చేవి. మా పక్క కొండలు లేవు కాబట్టి వారంలో ఒకసారి బేసిన్ బ్రిడ్జి ఎక్కి దిగడమే మా కొండ పరుగు. తిండి అంటారా? వచ్చాక మజ్జిగ పోసిన చద్దన్నం, ఉల్లిపాయ. ఉన్ననాడు గుడ్డు. పిల్లలు ఇక్కడ గడియారాలు పక్కన పెట్టి వింటారు. పరిగెత్తే వాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే: మొదట్లో ఎంత నెమ్మదిగా అనిపిస్తే అంత మంచిది. ఆరంభశూరులు అందరూ సగం దారిలో కూలబడతారు.

ఆ తరవాతి సంవత్సరం బీచి రోడ్డు మీద ఆడవాళ్లకి దూరప్పరుగు పెట్టారు. లైట్ హౌస్ దాకా పోయి రావడం, అలా రెండు చుట్లు. మొదటి ముగ్గురికి రాష్ట్ర జట్టులో చోటు. మాస్టరు నా పేరు ఇచ్చాడు. నైనా ఆ పొద్దున సైకిల్ మీద వచ్చి జనంలో నిలబడ్డాడు.

మొదటి చుట్టు బాగానే పోయింది. రెండో చుట్టులో నేను మూడోదాన్ని. లైట్ హౌస్ తిరిగేసరికి కాళ్లు బరువెక్కాయి. వెనకనున్న పిల్ల ఊపిరి నాకు వినిపిస్తోంది. నా వాలకం నైనా పేవ్‌మెంటు మీద నుంచి చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు. సైకిల్ రోడ్డు మీదికి దించి నా పక్కకి వచ్చేశాడు.

"పాపా, నేనుండా. చప్పుడు పట్టుకో!"

టక్. టక్. టక్. నాకు ప్రాణం లేచొచ్చింది. మాధవరం రోడ్డు మీద ఉన్నట్టే పరిగెత్తాను. మూడో స్థానం! రిబ్బను దాటి, రోడ్డు మీదే కూర్చుని నవ్వుతున్నాను. ఇంతలో ఈలలూదుకుంటూ ఒక అధికారి వచ్చాడు. పరిగెత్తేవాళ్ల పక్కన బండి ఏదీ రాకూడదట, వస్తే ఆ మనిషి పందెం చెల్లదట. మైకులో మూడో పేరుగా వేరే పిల్ల పేరు చదివారు.

నైనా చేతులు జోడించాడు. "సార్, తెలీక చేసినా. తప్పు నాది సార్, నా పాపది కాదు. నన్నేమన్నా చెయ్యండి, పాప పేరు కొట్టెయ్యొద్దు" అని తమిళంలో బతిమాలుకున్నాడు. ఆ అధికారి చెడ్డవాడేమీ కాదు. "రూలు రూలే అయ్యా, నేనేం చెయ్యను" అని నైనా చేతులు పట్టుకుని కిందికి దించాడు.

నాకు మాత్రం కోపంతో కళ్లు మూసుకుపోయాయి. అంత మందిలో, "నిన్ను ఎవురు రమ్మన్నారు నైనా? ఎవురు రమ్మన్నారు?" అని అరిచి బస్సెక్కేశాను. నైనా సైకిల్ ఎక్కలేదు. బీచి నుంచి వ్యాసర్పాడి దాకా తోసుకుంటూ నడిచి వచ్చాడు. ఎప్పుడు వచ్చాడో మాకు తెలియనే లేదు, తోసుకొస్తే సైకిల్ చప్పుడు చెయ్యదు కదా. అమ్మ వాకిట్లోకి వెళ్లి చూసేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

మాకంటే ముందే కథ మా పేటకి చేరిపోయింది. చేరినది కూడా సక్రమంగా చేరలేదు. నేను నైనా సైకిల్ కేరియర్ పట్టుకుని పరిగెత్తానట! సైకిల్ లాగితే వచ్చి మూడోదాన్ని అయ్యానట! వీధి మొదట్లో టీకొట్టు దగ్గర చేరే కుర్రాళ్లు నేను కనబడితే చాలు, "కేరియర్ పట్టుకో, గట్టిగా పట్టుకో" అని తమిళంలో కేకలు. నలుగురి నోళ్లు ఎవరు మూయించగలరు? ఓడిపోయానని నాకు బాధ లేదు. నా కాళ్లు నావి కావన్నారే, అది మింగుడుపడలేదు. వచ్చే ఏడు ఆ రోడ్డు మీదే, ఎవరూ పక్కన లేకుండా పరిగెత్తి, వీళ్ల నోట్లో మట్టి కొట్టాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

ఒకరోజు నైనా డ్యూటీ నుంచి వచ్చాడు. చప్పుడు లేదు. చైన్ కవరు సొట్ట సుత్తితో కొట్టి చదును చేసేశాడు.

"ఈ సప్పుడు వల్లనే కదా పాపా అంతా" అన్నాడు.

ఏడుపు వచ్చేట్టుంటే నేను లోపలికి వెళ్లిపోయాను.

ఒంటరిగా మొదలుపెడితే తెలిసింది, నాకు పరిగెత్తడమే రాదని. చప్పుడు లేకపోతే మొదట్లో గుర్రంలా పోయేదాన్ని, మూలకడై దాటేసరికి నాలుక బయటపెట్టేదాన్ని. మాస్టరు చూశాడు. "రూలు ముందే చెప్పాల్సింది నేను. మీ నాన్న మీద కోపం చాలించు" అని మందలించి ఒక ఉపాయం చెప్పాడు. సొట్ట లేకపోయినా నైనా తొక్కుడు అదే కదా! రోజూ మొదట కొంత దూరం ఆయన పక్కన రావాలి. తరవాత ఆగిపోవాలి. నేను అదే అడుగు లోపల పెట్టుకుని ముందుకు పోయి, తిరిగి ఆయన దగ్గరికి రావాలి.

నైనాని అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మే అడిగింది. "ఏమయ్యా, నీ కూతురు మూతి ముడుచుకోని నీ సైకిల్నే చూస్తాంది. పోయి రారాదా?" అంది. మర్నాడు ఇద్దరం బయల్దేరాం. మొదట్లో ఆయన మూలకడై దాకా వచ్చి ఆగేవాడు. పోనుపోను ముందే ఆగిపోయేవాడు. చివరికి మా వీధి మలుపు దాకే వచ్చి, అక్కడ కాలు కింద పెట్టి, "పో పాపా, నేనీడనే ఉంటా" అనేవాడు. పాల కాలనీ దాకా నోట్లోనే టక్ టక్ అనుకుంటూ పోయేదాన్ని. తిరిగొచ్చేసరికి అక్కడే, అదే కాలు కింద పెట్టుకుని నిలబడి ఉండేవాడు.

మొదటి పందెం నాటికి ఊరు మద్రాసు. రెండోదాని నాటికి చెన్నై అయింది. రోడ్డు మాత్రం అదే. అధికారి కూడా ఆయనే. పందెం ముందురోజు నైనా, "నేను రాను పాపా. వస్తే నా కాలు ఊరుకోదు" అన్నాడు. నేనూ రమ్మనలేదు. మాస్టరుతో వెళ్లాను.

మొదటి చుట్టంతా నా అడుగు నాదే. రెండో చుట్టులో ఒక స్పోర్ట్స్ హాస్టలు నుంచి వచ్చిన ముగ్గురు పిల్లలు వేగం పెంచారు. పెంచనీ అనుకున్నాను. సరిగ్గా అప్పుడే జనంలోంచి ఎవడో, "ఏమ్మా, ఈసారి కేరియర్ ఏదీ?" అన్నాడు. నా కోపం సంగతి తెలుసు కదా. చప్పుడూ లేదు గిప్పుడూ లేదు, ఆ ముగ్గురి వెంట పడ్డాను. లైట్ హౌస్ దాకా అలాగే పోయాను. అక్కడ తిరిగేసరికి అయిపోయింది. కడుపులో పోటు. కాళ్లు ఒకదాని మాట ఒకటి వినడం లేదు. వాళ్లు ముందుకి పోతున్నారు. లోపల టక్కు కోసం వెతికాను. లేదు. ఇంక పరువు పోయింది, టీకొట్టు వాళ్లే గెలిచారు అనుకున్నాను.

టక్.

చెవులు మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను.

టక్. టక్.

ఎడమవైపు, జనం రాకుండా కట్టిన తాడు అవతల, పేవ్‌మెంటు మీద మా సైకిల్. స్టాండు వేసి ఉంది. దాని పక్కన గొంతుక్కూర్చుని నైనా చేత్తో పెడలు తిప్పుతున్నాడు. వెనక చక్రం గాల్లో గిర్రున తిరుగుతోంది. నా వైపు కన్నెత్తి చూడటం లేదు. చూస్తే ఎక్కడ రూలు తప్పుతుందో అని చక్రం మీదే కళ్లు పెట్టుకుని, తల వంచుకుని తిప్పుతున్నాడు.

ఆ అధికారి ఈల నోట్లో పెట్టుకుని పరుగున వచ్చాడట. ఇది మాస్టరు చెప్పిన మాట. "ఏమయ్యా, మళ్లీ ఏం చేస్తున్నావు?" అని అడిగితే, నైనా తలెత్తకుండా, "చైన్‌కి ఆయిల్ వేస్తాండా సార్" అన్నాడట. ఆయన చక్రం వైపు చూశాడు. నైనా వైపు చూశాడు. కదలని బండి గురించి రూలులో ఏమీ లేదు. ఈల తీసి జేబులో వేసుకుని వెళ్లిపోయాడట.

నేను ఇవేవీ చూడలేదు. టక్కుకీ టక్కుకీ మధ్య నాలుగడుగులు. ఊపిరి దానంతట అదే సర్దుకుంది. చప్పుడు వెనకబడింది, చిన్నదైంది, వినిపించడం మానేసింది. కానీ అప్పటికి లోపలిది లేచింది. ఇంక ఎవడేమన్నా నాకు వినపడలేదు. ముందున్న ముగ్గుర్లో ఒకతె ముందే ఆగి నడుస్తోంది. రెండోదాన్ని చివర్లో దాటాను. మొదటిది అందలేదు. రెండో స్థానం. మైకులో నా పేరు చదివారు, మళ్లీ ఒకసారి చదివారు, కొట్టెయ్యలేదు. రాష్ట్ర జట్టులో పడ్డాను. ఆ తరవాత ఎన్ని పందేలు పరిగెత్తానో, ఎన్ని గెలిచానో, కానీ అంత గర్వం మళ్లీ కలగలేదు. దాచుకోవడం ఎందుకు, ఇప్పటికీ గర్వమే.

నైనా జనం వెనకాల నిలబడి ఉన్నాడు. దగ్గరికి వస్తే మళ్లీ ఏదైనా అవుతుందని భయం. నేనే వెళ్లాను. చైన్ కవరు చూశాను. పాత సొట్ట ఉన్నచోటే కొత్త సొట్ట.

"ఎప్పుడు చేస్తివి నైనా?"

"నిన్న రాత్రి యార్డులో. సరైన సప్పుడు రాలేదు పాపా శానాసేపు. ఒక దెబ్బ ఎక్కువైతే ఠంగుమంటాది, తక్కువైతే పలకదు" అన్నాడు.

మాస్టరు బస్సు ఎక్కమన్నాడు. ఎక్కలేదు. మెడలో పతకంతో, మా నైనా సైకిల్ కేరియర్ ఎక్కి కూర్చున్నాను. మగపిల్లల్లా అటొక కాలు ఇటొక కాలు వేసుకుని, రెండు చేతులతో ఆ కేరియర్ కడ్డీలు గట్టిగా పట్టుకుని. బీచి రోడ్డు నుంచి బేసిన్ బ్రిడ్జి మీదుగా వ్యాసర్పాడి దాకా, దారంతా టక్ టక్ మంటూనే ఉంది. చప్పుడు విని టీకొట్టు దగ్గర కుర్రాళ్లు రోడ్డు మీదికి వచ్చారు.

"పట్టుకున్నాను రా! కేరియర్ గట్టిగానే పట్టుకున్నాను! బాగా చూసుకోండి!" అని తమిళంలో గొంతు చించుకుని అరిచాను.

నైనా వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పాపా, సంబరం సరే. కాలు చైన్ కవర్‌కి తగలనియ్యకు. సప్పుడు చెడిపోతాది."