వదినకు కారు నడపడం రాదు

ఆ మధ్యాహ్నం మా వదిన రెండు పాదాలూ సీటు మీదే ఉన్నాయి. నా కళ్లతో చూశాను. చెప్పాల్సిన మనుషుల ముందు ఈ ఒక్క మాట చెప్పకుండా మూడేళ్లు గడిపేశాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. మాది బీదర్‌లో పప్పుధాన్యాల హోల్‌సేల్ వ్యాపారం. కందులైనా మినుములైనా అరచేతిలో పోసుకుని, పంటితో కొరికి చూస్తే తప్ప నమ్మని వృత్తి. గోదాములో అలికిడి అయితే ఎలుక అనుకునేవాణ్ణే గానీ ఇంకోటి అనుకునేవాణ్ణి కాదు. హమాలీల్లో ఎవడైనా ఏదో చూశానంటే, సెలవు కావాలా అని నవ్వేవాణ్ణి.

మా అన్న శంకర్ నాకంటే చాలా పెద్దవాడు. ఛాతీలో నొప్పి వచ్చిన రోజు ఎవరికీ చెప్పకుండా తన కారు తనే నడుపుకుంటూ ఆస్పత్రికి పోయాడు. గేటు లోపల కారు నిలిపి, హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి నాలుగడుగులు వేసి పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

అన్న పోయిన తర్వాత వదిన కమలమ్మ దుకాణంలో గద్దె మీద కూర్చోవడం మొదలుపెట్టింది. గద్దె అంటే తెల్ల గుడ్డ పరిచిన పరుపు. దాని మీద కూర్చున్నవాళ్ల మాటే మా దుకాణం మాట. మా ఇళ్లలో ఆడవాళ్లు అక్కడ కూర్చోవడం అదే మొదలు. గింజ చూసి ఏ నేలలో పండిందో చెప్పగలిగేది ఆమె. రైతులు నన్ను దాటుకుని ఆమె దగ్గరికి పోయేవాళ్లు. అది నాకు లోపల ఎక్కడో గుచ్చుకునేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అన్న కారు నా చేతికి వచ్చింది. పాత డీజిల్ బండి. దాని రెండో గేరు సరిగ్గా పడేది కాదు. క్లచ్ తొక్కి, గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, కాలు తీసి, మళ్లీ క్లచ్ తొక్కితే అప్పుడు పడేది. అన్న కుర్రతనంలో మా దుకాణం లారీ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఆ లారీని అట్లాగే నడపాలట. ఆ అలవాటుతో కారునూ అట్లాగే నడిపేవాడు. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ లయ పట్టుబడలేదు. నా చేతిలో రెండో గేరు పడిందంటే ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు రావాల్సిందే.

వదినకు మాత్రం కారు గురించి ఏమీ తెలియదు. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మరిది నడుపుతుంటే వదిన పక్క సీట్లో కూర్చోదు. అన్న నడిపేటప్పుడు కూడా ముందు సీటు మా నాన్నదో చిన్నాయనదో. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె కూర్చున్నది వెనక సీట్లోనే. నడిపేవాళ్ల కాళ్లు ఏం చేస్తాయో ఆమె చూసి కూడా ఎరుగదు.

ఆ రోజు ఇద్దరం సంతపూర్‌కు కందులు చూడటానికి పోయాం. నాకు షుగర్ ఉంది. పొద్దున ఇన్సులిన్ తీసుకుని, రైతు ఇంట్లోనే భోజనం కదా అని బయల్దేరాను. మేం బస్తాలు చూస్తుండగానే ఆ రైతు బంధువుల్లో ఎవరో పోయారని కబురు వచ్చింది. ఇక భోజనం మాట ఎవరెత్తుతారు? ఖాళీ కడుపుతో తిరిగి బయల్దేరాం.

మాంజ్రా నది వంతెన ఇంకా రాకముందే నాకు చెమటలు పట్టాయి. స్టీరింగ్ మీద చేతులు వణికాయి. కారు పక్కకు తీసి ఆపాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగాను. ఎండాకాలం కాబట్టి ఏసీ కోసం ఇంజన్ ఆపలేదు. కాళ్లు చాపుకుందామని దిగి, బానెట్ పట్టుకుంటూ చుట్టూ తిరిగి ఎడమవైపు సీట్లో పడ్డాను. ఆ తర్వాత లేవడం నా వల్ల కాలేదు.

"శీనూ, ఏమైతాంది? నోరు తెరువు. శీనూ," అని వదిన నా చెంపలు తడుతుండటం తెలుస్తోంది. నోరు తెరవలేకపోయాను. కారులో తీపి వస్తువేదీ లేదు. ఆమె ఫోను దుకాణంలో ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోయింది. నా ఫోను తెరవడం ఆమెకు తెలియదు. ఆమె రోడ్డు మీదికి పోయి చెయ్యి ఊపింది. ఒక లారీ ఆగకుండా పోయింది. తర్వాత రోడ్డంతా ఎండే.

అప్పుడామె డ్రైవర్ సీట్లో కూర్చుంది. హారన్ కొట్టడానికి. కారులో ఆమెకు తెలిసిన పని అదొక్కటే. కాళ్లు కింద పెడితే దేన్ని తొక్కుతానో అన్న భయంతో చెప్పులు బయటే విడిచి, రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుని, చీర ఒళ్లోకి లాక్కుని తలుపు వేసుకుంది. పొలాల్లో ఎవరైనా వింటారని హారన్ నొక్కుతూనే ఉంది.

నా తల ఆమె వైపు వాలి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. నాకు కనిపిస్తున్నది ఆమె మోకాళ్లు, గేరు రాడ్డు, కింద మూడు పెడల్స్.

హ్యాండ్‌బ్రేకు దానంతటది కిందికి దిగింది.

వదిన హారన్ ఆపింది. నా చెయ్యి తగిలిందేమో అనుకుని నా వైపు చూసింది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. ఎడమ చివరన ఉన్న క్లచ్ పెడల్ నెమ్మదిగా నేల దాకా దిగింది. దాని మీద ఏమీ లేదు. గేరు రాడ్డు ముందుకు కదిలింది. పెడల్ పైకి వస్తుండగా కారు ఒక్క కుదుపైనా లేకుండా రోడ్డు మీదికి ఎక్కింది.

వదిన అరవలేదు. అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదేమో. స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకుని, "ఆగు. ఆగు," అని మెల్లగా అంటోంది, తాడు తెంపుకున్న గొడ్డుతో అన్నట్టు. స్టీరింగ్ ఆమె అరచేతుల్లో జారుతూ తిరుగుతోంది. ఒకసారి ఆమె చేతులు పూర్తిగా వదిలేసింది. అది ఆగలేదు. ఎదురుగా వచ్చిన బస్సుకు సరిగ్గా పక్కకు జరిగింది. వదిన మళ్లీ పట్టుకుంది, పడిపోకుండా పట్టుకున్నట్టు.

వంతెన దాటాం. బీదర్ ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి చివర్లో రోడ్డు పైకి ఎక్కుతుంది. ముందు ఒక ట్రాక్టర్ అడ్డం వచ్చి కారు నెమ్మదించింది. అక్కడ రెండో గేరు వేయక తప్పదు. నేను రోజూ చప్పుడు చేసే చోటు అదే.

క్లచ్ దిగింది. రాడ్డు మధ్యకు వచ్చింది. క్లచ్ పైకి లేచింది. మళ్లీ దిగింది. రెండో గేరు పడింది. చిన్న శబ్దం కూడా రాలేదు.

నా ఒంటి మీద చెమట అప్పుడు చల్లబడింది.

ఊళ్లోకి వచ్చాక దారిలో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. కారు దాన్ని దాటిపోయింది. ఇంకొకటి వచ్చింది. దాన్నీ దాటింది. ఎక్కడికి పోతున్నామో అప్పుడర్థమైంది. అన్న చివరిసారి కారు నడుపుకుంటూ పోయిన దారి అది. నన్ను బతికించడానికి తీసుకుపోతున్నాడా, తన దగ్గరికి తీసుకుపోతున్నాడా అన్నది తెలియలేదు. అన్న నాకు కీడు చేసే మనిషి కాదని మనసుకు చెప్పుకోబోయాను. కానీ ఆ సీట్లో కనిపించకుండా ఉన్నది అన్నే అని నాకు చెప్పేదెవరు? తలుపు తీసుకుని రోడ్డు మీద దూకుదామనిపించింది. వేలు కూడా కదల్లేదు.

ఆస్పత్రి గేటు లోపల కారు ఆగింది. హ్యాండ్‌బ్రేకు పైకి లేచింది. ఇంజన్ ఆగింది. వదిన తలుపు తోసుకుని, వట్టి కాళ్లతో కిందపడ్డట్టు దిగి, "ఎవరన్న రాండ్రి," అని కేకేసింది. అక్కడున్నవాళ్లంతా చూసింది అదే. డ్రైవర్ సీట్లోంచి ఒక ఆడమనిషి దిగడం.

గ్లూకోజ్ ఎక్కించాక సాయంత్రానికి మామూలు మనిషినయ్యాను. మంచం చుట్టూ మావాళ్లంతా ఉన్నారు. మొదట అందరూ వదినను మెచ్చుకున్నారు. ఊరుకుని ఉంటే ఆ మెప్పు ఆమెకే దక్కేది.

"నేను తోలలే," అంది.

"మరెవరు తోలిండ్రు?" అన్నాడు మా చిన్నాయన. నాన్న పోయాక ఇంటికి పెద్ద ఆయనే.

"నాకెరుక లేదు. నాకు తోలరాదు."

"సచ్చినోడొచ్చి తోలిండా?"

వదిన నా వైపు చూసింది. "శీను ఉండె గదా పక్కకు. శీనునే అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కళ్లలో ఎంత ఆశ ఉందో నాకు కనబడింది.

"నాకు సోయి లేదు," అన్నాను.

ఆ తర్వాత జరిగిందంతా, స్పృహలో లేనన్న ఆ మాట వల్లే. దొంగచాటుగా నేర్చుకుంది అన్నారు కొందరు. ఎవరి దగ్గర నేర్చుకుందో అని ఆడవాళ్లు గుసగుసలాడారు. వదిన పట్టుబట్టి, నౌబాద్ దగ్గర ఖాళీ ప్లాట్లలో అందరి ముందూ కారెక్కింది. కిందికి చూసుకుంటూ ఏదో తొక్కింది. కారు ఎగిరి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి ఇస్తే మళ్లీ ఆగిపోయింది.

"యాక్టింగ్ మంచిగ చేస్తాంది," అన్నాడు చిన్నాయన.

వచ్చిన విద్యను చూపించవచ్చు. రానిదాన్ని ఎట్లా చూపించాలి? ఆ రోజు ఆమె కారు దిగి నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

చివరికి చిన్నాయన తేల్చాడు. నేర్చుకుని అబద్ధమాడుతుంటే దుకాణంలో ఇంకెన్ని అబద్ధాలాడిందో తెలియదు. నిజంగానే అట్లా అనుకుంటుంటే ఆమె దిమాగ్ సరిగ్గా లేదు. ఎట్లా చూసినా గద్దె మీద కూర్చోదగిన మనిషి కాదు. వదిన ఇంట్లో ఉండిపోయింది. గద్దె మీద నేనొక్కణ్ణే మిగిలాను.

షుగర్ పడిపోతే మెదడు లేనిపోనివి చూపిస్తుందని డాక్టర్ చెప్పాడు. చాలా కాలం ఆ మాట చాటున దాక్కున్నాను. కానీ లేనిది చూసింది నా మెదడే అయితే, కారు ఆస్పత్రికి ఎట్లా చేరింది? తర్వాత దాన్ని కొల్హార్‌లో వర్క్‌షాపు నడిపే ఒకతనికి అమ్మేశాను. కొన్నాళ్లకు బజార్లో కనబడి, "రెండో గేరు మస్తు సతాయిస్తాంది సేటూ, ఎట్ల తోలిండ్రు దీన్ని?" అన్నాడు. నవ్వి తప్పించుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొన్న చిన్నాయన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు బంధువులంతా కలిశాం. మధ్యాహ్నం బంతి భోజనాలు. వదిన వడ్డిస్తోంది. దూరపు చుట్టం ఒకామె నవ్వుతూ, "కమలమ్మా, ఇంటికి పోయేటప్పుడు కారు నువ్వే తోల్తవా ఏంది?" అంది. వరసంతా నవ్వింది.

వదిన కూడా నవ్వింది. "ఔనక్కా, తోల్త. ఎవ్వలకు చెప్పకుండ నేర్చిన గదా," అని పప్పు వడ్డించి ముందుకు పోయింది.

మూడేళ్లుగా ఎంతమంది ఎన్ని విధాలుగా గుచ్చినా ఆమె తన మాట మార్చుకోలేదు. ఇప్పుడు మార్చుకుంది. వాళ్ల అబద్ధాన్ని తన నోటితో తనే చెప్పుకుంది. నా ముందు విస్తరిలో అన్నం కలిపి ఉంది. చెయ్యి నోటి దాకా రాలేదు.

లేచి నిలబడ్డాను. "ఆమెకు తోలరాదు," అన్నాను. "ఆ దినం నాకు సోయి ఉండె. వదిన కాళ్లు కింద పెట్టలే. పెడల్లు వాటంతటవే దిగుతుంటే నేను చూసిన."

బంతిలో చేతులు ఆగిపోయాయి. "ఏందిరా, నీ దిమాగ్ గూడ ఖరాబైందా? కూసొని తిను," అన్నాడు చిన్నాయన.

వదిన గిన్నె కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. కోపం లేదు, ఏడుపు లేదు. చాలా మెల్లగా, నాకొక్కడికే వినబడేలా అడిగింది.

"శీనూ, అయితే ఆయనేనా?"

మూడేళ్లుగా ఆమె ఎవరినైనా అడగాలనుకున్న ప్రశ్న అది. అడగదగిన మనిషిని లోకంలో నేనొక్కణ్ణే. సోయి లేదని చెప్పి ఆ ఒక్క దారీ మూసేశాను.

అన్నే అని చెబితే ఆమెకు ఊరటగా ఉండేది. కానీ ఆ కారులో ఉన్నది ఎవరో, ఏమిటో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఇంకో అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"నాకెరుక లేదు వదినా," అన్నాను. "నువ్వు నిజం చెప్పినవన్నది మాత్రం ఆ దినమే ఎరుక. గద్దె నాకొక్కనికే మిగుల్తదని ఊకున్న. మాఫ్ చెయ్యి."