సున్నం పూసిన రాయి

నా చిన్నప్పుడు వాగులో ఈతకు దిగినా నేను చొక్కా విప్పేవాణ్ణి కాదు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందని ఆలస్యంగా బయటపడి, హైదరాబాదులోని పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఛాతీ నడుమ నిలువునా కుట్ల గీత మిగిలింది. "వడ్ల సంచి కుట్టినట్టు కుట్టిన్రురా వీన్ని!" అని తోటిపిల్లలు నవ్వేవారు.

ఏడాదికోసారి తీసుకొచ్చి చూపించమని డాక్టరు చెప్పాడు. మరుసటి ఏడు వెళ్లాల్సిన వేళకు కొండపాక దగ్గరి మా ఊళ్లో నాట్లు మొదలయ్యాయి. నేనేమో చెట్లెక్కి దూకుతున్నాను.

"పోరడు మంచిగనే ఉరుకుతుండు. నయమైనంక మల్ల దవాఖాన ఎందుకు నాయినా?" అన్నాడు మా బాపు తన తండ్రితో, అంటే మా తాతయ్యతో. మర్నాడు పొద్దున తాతయ్య నన్ను వెంటబెట్టుకుని మా పొలాల పైనున్న కుంట కట్ట మీదికి తీసుకెళ్లాడు.

నేను పుట్టకముందు ఒక పెద్దవానకు ఆ కట్ట తెగిందట. ఊరంతా కలిసి గండి పూడ్చారు. "అది యాడనో చెప్పు చూద్దాం" అన్నాడు తాతయ్య. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. అంతటా ఒకే తీరు గడ్డి.

"గీడనా తాతా?"

"కాదు."

"గాడనా?"

"ఊహూ. నీ కండ్లు గూడ మీ బాపు కండ్లే!"

నవ్వుతూ ఒకచోట గడ్డి పాయ తీశాడు. అడుగున సున్నం పూసిన రాయి. ప్రతి ఏటా వానలకు ముందు ఆయనే దానికి సున్నం పూసేవాడట. తర్వాత కట్ట వెలుపలి వైపు దిగి, అరచేతితో మన్ను నొక్కి తడి ఉందేమో చూశాడు. పొడిగానే ఉంది. అయినా ఇంకాసేపు నొక్కుతూనే ఉన్నాడు.

"పాత మన్నుకు కొత్త మన్ను అతికిన జాగ బిడ్డా గిది. గట్టిగనే ఉంటది. కని ఏటేటా చూస్కోవాలె. గుర్తు లేకుంటే యాడ చూడాల్నో మర్చిపోతం." ఆ మాట అంటూ నా చొక్కా పై గుండీ విప్పి గీత మీద వేలు పెట్టాడు. "గిది దాసుకునేది కాదు."

ఆ సాయంత్రం బాపుతో, "నాట్లు నేను చూస్త. నువ్వు పోరన్ని పట్నం తీస్కపో" అన్నాడు.

"నువ్వు చూస్తే సగం దినం ముచ్చట్లకే పోతది" అని గొణిగాడు బాపు. అయినా తెల్లారి బస్సెక్కాం. ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు.

ఉద్యోగ విరమణ చేసి సిద్దిపేటలో స్థిరపడ్డాక, నిరుడు అలాగే పరీక్షకు వెళ్లాను. నొప్పి లేదు, ఆయాసం లేదు. డాక్టరమ్మ మాత్రం గుండె కొట్టుకునే లయ తప్పిందని కనిపెట్టింది. రంధ్రం మూసినా, అంతకుముందే సాగిన గుండె గది ఇన్నేళ్లకు ఇలా మొరాయించవచ్చట. పట్టించుకోకపోతే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు చేరే ప్రమాదమూ ఉందట. "చిన్నప్పుడు ఆపరేషన్ అయినోల్లు చానామంది, అంతా అయిపోయిందనుకొని రానే రారు సార్. మీరెట్ల వచ్చిన్రు?" అని అడిగింది. ఆమెకు కుంట కట్ట కథ చెప్పాను.

ఇప్పుడు రోజూ స్నానం చేసేటప్పుడు ఆ గీత దగ్గర నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఇవాళ్టి మందు వేసుకున్నానా అని అక్కడే గుర్తు చేసుకుంటాను. మన్ను పొడిగానే ఉన్నా నొక్కి చూసిన తాతయ్య అరచెయ్యి అప్పుడు నా చేతి మీదే ఉన్నట్టుంటుంది.