అంచులో కుట్టిన పేరు

ఇంకా నీళ్లు చూడని టవల్‌కు ఒక వాసన ఉంటుంది. గంజి, మిషన్ నూనె, దూది నుసి కలిసిన వాసన. నిన్న పొద్దున చెకింగ్ బల్ల మీద కట్ట విప్పగానే ఆ వాసన ముక్కుకు, ఒక అంచు వేలికి ఒకేసారి తగిలాయి. కుట్టు ఉండాల్సిన దానికంటే కొంచెం దగ్గరగా పడింది. వేలు అక్కడే ఆగింది, కన్ను తర్వాత వచ్చి చూసింది. ఇది నా అలవాటు కాదు, అంబక్కది. ఆమె పోయి రెండేళ్లయింది. సరిగ్గా అప్పుడే పక్క మిషన్ దగ్గర ఫోనులో ఎవడో అరుస్తున్నాడు: ఈ ఏడాది మొదటి మూడు నెలల సినిమాల్లో ఉత్తమ నటి అవార్డు ఎవరికి రావచ్చో పది పేర్లు చెబుతాడట. పది పేర్లు చెప్పేటట్లయితే నేనూ గెలుస్తాను. అంబక్క ఒక్కటే పేరు అనుకునేది. అది కూడా నోటితో చెప్పేది కాదు, రాసి కుట్టేసేది.

నీలం నగర్‌లో మా షెడ్డు. ముందు వైపు మగ్గాలు, వెనక గదిలో మేం ఆరుగురు ఆడవాళ్లం టవళ్ల అంచులు కుట్టేవాళ్లం. మా మీద పెద్ద అంబక్క. మేం కుట్టిన ప్రతి టవల్ ఆమె బల్ల మీదికి పోవాలి. పోగు తెగినా, నూనె మరక పడినా, పేక తప్పి సన్నగీత వచ్చినా ఆమె చెయ్యి దాన్ని సెకండ్ మాల్, అంటే రెండో రకం సరుకు గుట్టలోకి విసిరేది. నేను చేరిన రోజున ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూసి అడిగింది.

"ఎంత చదివినవ్?"

"ఏడు, అక్కా."

"పాసా?"

"పాసే. ఎనిమిదికి రమ్మని నన్నెవరూ పిలవలే."

గదిలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను కుట్టిన మొదటి టవల్‌ను తిరగేసి, మళ్లీ తిరగేసి, "నవ్విపిచ్చేటోళ్ల మాల్ రెండుసార్లు చూడాలె" అంది. ఎవరినీ నమ్మని మనిషి. పాలవాడిని నమ్మదు, గడియారాన్ని నమ్మదు, వానొస్తుందని చెప్పే మబ్బును కూడా నమ్మదు. నమ్మితే సినిమాల్లో నటించేవాళ్లను నమ్మేది. అదేందక్కా అంటే, "వాళ్లు అబద్ధమని ముందే చెప్పి ఆడుతరు. మనం చెప్పకుండ ఆడుతం" అనేది.

మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించాక వచ్చే మొదటి టవల్‌ను మా దగ్గర ఎవరూ విప్పి చూడరు. మగ్గం ఇంకా కుదురుకోలేదని నేరుగా సెకండ్‌లో వేస్తారు. అంబక్క మాత్రం దాన్ని ఒడిలోకి తీసుకుని అంగుళం అంగుళం చూసేది. బాగుంటే మంచి మాల్‌లో కలిపేది. జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే సినిమాల మీద ఆమెకున్న ప్రేమకు అదే కారణం. "మొదాలొచ్చిందని తీసి పారేస్తరు. దీపావళికి పెద్ద హీరోయిన్ పెద్ద పట్టుచీర కట్టి ఏడుస్తది. జనవరిల ఏడ్చిన పిల్ల ఎవరికి యాదుంటది?" అనేది. తెలుగైనా హిందీయైనా మరాఠీయైనా ఆదివారం మమ్మల్ని వెంటేసుకుని పోయేది. ఉగాది తర్వాతి పనిరోజు పందెం. అప్పటిదాకా వచ్చిన సినిమాల్లో ఎవరికైనా ఆ ఏడాది ఉత్తమ నటి అవార్డు వస్తుందా, వస్తే ఎవరికి? మేమంతా నోటితో చెప్పాలి. ఆమె మాత్రం గుడ్డ పీలిక మీద మార్కింగ్ పెన్నుతో, ఒకటి చెరిగినా ఇంకొకటి ఉండాలని ఒకటే మాట మూడు వరుసలు రాసి, ఒక సెకండ్ టవల్ అంచులో పెట్టి, తన చేత్తో కుట్టి, బల్ల మీది మేకుకు తగిలించేది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో టీవీలో అవార్డులు చెప్పిన మర్నాడు అందరి ముందు విప్పేది.

నేను చేరాక మూడేళ్లు వరుసగా ఆమే గెలిచింది. రెండుసార్లు పీలిక మీద 'ఎవరికీ రాదు' అని ఉంది, ఒకసారి పేరు ఉంది. మిగతావాళ్లు చేతులు జోడించారు. నాకు అనుమానం వచ్చింది. నవ్వించేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, ఎదుటివాడి కిటుకు కనిపెట్టందే అన్నం సయించదు. టీవీలో చూసి, పొద్దున మాకంటే ముందొచ్చి విప్పి కొత్త పీలిక పెడుతుందేమో?

నాలుగో ఏడు జనవరిలో ఒక చిన్న సినిమాకు పోయాం. కొత్త పిల్ల. ఆసుపత్రి వరండాలో కూర్చుని డబ్బాలోంచి రొట్టె తింటుంటే లోపలి నుంచి కబురు వస్తుంది. అంబక్క నా మోచేయి పొడిచింది.

"మొఖం ఎట్లున్నది చెప్పు."

"ఏడ్వబోతుంది."

"ఏడ్వబోతదని నొసట రాసి పెట్టిన్రా? నీకు ఏం కనబడుతుందో అది చెప్పు."

"నమలుడు ఆపింది. బుగ్గల ముద్ద అట్లనే ఉన్నది. డబ్బా మూత కోసం చేత్తోని తడుముతుంది. మూత ఒడిలనే ఉన్నది, చూస్తలేదు."

"ఆ. గట్ల చెప్పు."

ఆ సినిమా అంతా నాకు పరీక్షే. తర్వాత చూసిన ప్రతి సినిమాలోనూ అదే వరుస. ఇది నాకు పాఠం చెబుతోందా, నా ఎగతాళికి బదులు తీర్చుకుంటోందా అని గొణుక్కున్నాను. నిజం మాత్రం నా పక్క కుర్చీలోనే ఉంది. నేను తెర వైపు చూస్తున్నాను.

ఉగాది పోయింది, పీలిక అంచులోకి పోయింది. జూన్‌లో షెడ్డు యజమాని సేట్ నన్ను మగ్గాల వైపు పిలిచాడు. ముంబయి వ్యాపారి రెండు కట్టలు వెనక్కి పంపాడట, మంచి మాల్‌లో సెకండ్ కలిసిందని.

"రేణుకా, బల్ల మీద జరా నజర్ ఉంచు. అంబక్కకు చెప్పకు. ఎవరి మాల్ వదిలేస్తుందో నాకు తెలియాలె. బల్ల మీద కూసునేటోళ్లు ఖరే ఉండాలె, నిజాయితీగ ఉండాలె, లేకుంటే ఇంకొకళ్లను చూసుకుంట."

ఆ 'ఇంకొకళ్లు' అన్నప్పుడు ఆయన నా వైపే చూశాడు. అబద్ధమెందుకు, ఆ బల్ల మీద నాకు ఆశ ఉంది. నాకున్న అనుమానానికి ఇప్పుడు సర్కారీ ముద్ర కూడా పడింది. పందెంలో మోసం చేసే మనిషి మాల్‌లో చేయదా అని నాకు నేనే వకీలుగా వాదించుకుని, మధ్యాహ్నం ఆమె చాయ్‌కి బయటికి వెళ్లగానే మేకు మీది టవల్ దింపి అంచు విప్పాను.

పీలిక మీద మూడు వరుసలు రాసి ఉంది. మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్క అక్షరం విడిగా లేదు. చిక్కుపడిన దారపు ఉండలా ఉంది. మొదట ఇదేదో కిటుకు అనుకున్నాను. తర్వాత ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. 'మొఖం ఎట్లున్నది చెప్పు.' కొన్నాళ్లుగా ఆమె టవల్‌ను వెలుతురు వైపు ఎత్తడం లేదు, అరచేత్తో నిమిరి పంపేస్తోంది. చేతికి పోగు దొరుకుతుంది, పేక దొరుకుతుంది. నూనె మరక దొరకదు. వెనక్కి వచ్చిన కట్టల్లో ఉన్నవి మరకలే.

జనవరి నుంచి మా కళ్ల ముందు ఒక మనిషి చూస్తున్నట్టు నటిస్తోంది. అవార్డులకు పేర్లు వెతికే మేం ఆరుగురం దాన్ని కనిపెట్టలేదు.

పీలిక లోపల పెట్టి అంచు మళ్లీ కుట్టేశాను. సేట్‌కు ఏమీ చెప్పలేదు. ఆమె మంచిదని పంపిన గుట్టను కట్ట కట్టే ముందు నేనొకసారి చూసి, మరక ఉన్నవి తీసి సెకండ్‌లోకి జరిపేదాన్ని. ఎనిమిది నెలలు అలా నడిచింది. మాల్ వెనక్కి రాలేదు. సేట్ నజర్ సంగతి మర్చిపోయాడు. నేను మహా ఉపకారం చేస్తున్నానని లోపల లోపల మురిసిపోయాను కూడా. అంబక్క మాత్రం ఆ రోజుల్లో నా వైపు ఎక్కువగా తిరిగి కూర్చునేది. ఏదో అడగబోయి ఆగేది. నేను జోకు వేసి తప్పించుకునేదాన్ని.

ఫిబ్రవరి వచ్చింది. అవార్డు దీపావళి సినిమా పెద్ద హీరోయిన్‌కు పోయింది. మర్నాడు గదిలో మిషన్లు ఆపి అందరూ బల్ల చుట్టూ చేరారు. అంబక్క బ్లేడుతో అంచు విప్పి, పీలికను నా చేతికి ఇచ్చింది.

"ఈసారి నువ్వు చదువు, పోరీ."

ఎప్పుడూ ఆమే చదివేది. ఐదు ముఖాలు నా మీద ఉన్నాయి. ఆ దారపు ఉండను ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని చదివాను. "ఎవరికీ రాదు."

చప్పట్లు కొట్టారు. "మల్ల గెలిచింది!" అని నా పక్క మిషన్ సునంద అరిచింది. అంబక్క కదల్లేదు.

"మల్ల చదువు."

"ఎవరికీ రాదు, అక్కా."

"అబద్ధం. నేను ఆ జనవరి పిల్ల పేరు రాసిన. ఆ పిల్లకే వస్తదని రాసిన. ఓడిపోయిన. నా ఓటమి నాకియ్యకుండ గెలిపిస్తవేందే?"

అందరి ముందు దొంగలా నిలబడ్డాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పరుగెత్తుతుంది. "ఎట్ల చదవాలె అక్కా? అక్షరాల మీద అక్షరాలు పడ్డయ్. నీకు కనబడుతనే లేదు గదా!" అనేశాను.

ఎనిమిది నెలలు దాచింది ఒక్క మాటలో బల్ల మీద పడింది. ఆమె తలెత్తి నా గొంతు వచ్చిన వైపు చూసింది.

"నాకు తెల్వదా? నువ్వు జూన్ల ఇప్పి కుట్టినవ్. తెల్లారి పొద్దున వేలు పెట్టంగనే తెలిసింది. నా కుట్టు కంటే నీది దగ్గర దగ్గరగ పడతది. నువ్వు అడుగుతవని చూసిన. మల్ల సేట్‌కు చెప్తవని చూసిన. నువ్వు రెండూ చెయ్యలే."

"నిన్ను కాపాడిన అక్కా."

"సెకండ్ మాల్‌ను మంచిదని పంపుడు కాపాడుడు కాదే." బ్లేడు బల్ల మీద పెట్టింది. గొంతు తగ్గింది. "నేనూ గదే చేసిన. నన్ను నేనే మంచిదని పంపుకున్న. ఈ బల్ల పోతే నాకేమున్నదని."

లేచి, గోడ పట్టుకోకుండా, మగ్గాల మధ్యలోంచి సేట్ దగ్గరికి నడిచింది. మేం తలుపు దగ్గర నిలబడి విన్నాం. మరకలు తనవల్లే పోయాయని చెప్పింది. ఆయన మా వెనక గది వైపు చూశాడు. తర్వాత, "మరి బల్ల మీద ఎవరు?" అన్నాడు.

"రేణుకను పెట్టు. దానికి కండ్లున్నయ్. నోటి మీద నమ్మకం లేదు. ఒక ఏడు దాని మాల్ నేను పక్కన కూసోని చూస్త."

"ఏ కండ్లతోని చూస్తవ్ అంబక్కా?"

"వీటితోని" అని రెండు అరచేతులు చూపించింది.

మొదటి రోజు నేను మంచిదని పంపినవాటిలోంచి మూడు టవళ్లు వెనక్కి లాగింది. మూడింటిలోనూ పోగు తెగి ఉంది, నా కంటికి ఆనలేదు. ఒక ఏడు అనుకున్నది ఐదేళ్లు నడిచింది. సినిమాలకూ పోయాం, ఇక దాపరికం లేకుండా. నేను తెర మీది ముఖాలను ఒక్కొక్కటిగా చెబుతుంటే ఆమె కళ్లు మూసుకుని వినేది. 'బాధగా ఉంది' అంటే మోచేయి పొడిచేది. నేను ఈ మాత్రం రాస్తున్నానంటే ఆ మోచేయి చలవే. ఏడో తరగతి పంతుళ్లు ఆ పుణ్యం తమదనుకోవద్దు. జనవరి పిల్ల మళ్లీ ఏ సినిమాలోనూ కనిపించలేదు. చివరి దాకా అంబక్క అడుగుతూనే ఉండేది, ఎక్కడన్నా వచ్చిందా అని. వచ్చిందని ఒక అబద్ధం చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. రాలేదక్కా అనే చెప్పాను.

ఈ జనవరిలో ఒక్కదాన్నే ఒక సినిమాకు పోయాను. తల్లి వేషం వేసిన ఆమె కొడుకు ఉత్తరం చదివి మడుస్తుంటే, "నాలుగు మడతలు పెట్టింది, ఐదోది పెట్టలేక నొక్కుతుంది" అని పైకే అనేశాను. పక్క సీటావిడ సంచి అవతలి పక్కకు మార్చుకుంది. అనుమానం మంచిదే, ఏమీ అనుకోలేదు.

ఆ తల్లి పేరే పీలిక మీద రాశాను, మూడు వరుసలు, విడివిడిగా. అంచు కుట్టమని సునందకు ఇచ్చాను. పందెంలో నా కుట్టును నేను నమ్మను. మేకుకు తగిలించి వారం కాలేదు, నేను చాయ్‌కి లేచినప్పుడల్లా సునంద అటే చూస్తోంది. విప్పుతుందని నాకు గట్టి అనుమానం. విప్పనీ. రోజూ పొద్దున రాగానే ముందు ఆ అంచు మీదే వేలు పెడుతున్నాను.