బావగారి బూడిదరంగు

మా బావగారి లెక్కలో లోకాన ఉన్న రంగు ఒక్కటే, అది బూడిదరంగు. తక్కినవన్నీ వట్టి ఆర్భాటం. అలాగని ఆ ఒక్క రంగూ ఆయనకు ఒక్కటి కాదు. ఏ రెండు బూడిదరంగులూ సమానం కావన్నది ఆయన జీవిత సిద్ధాంతం. ఆయన చిత్రాలలో చెట్టు లేదు, పిట్ట లేదు, మనిషి లేడు. నిలువెత్తు చెక్కపలక, దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బూడిదరంగు. చూడవచ్చినవారు పొరపాటున "ఇదీ అదీ ఒకటేనా అండీ" అన్నారో, ఆ పూట వారికి కాఫీ దక్కేది కాదు.

ఒకసారి మా అక్క బజారు నుంచి బూడిదరంగు తువ్వాళ్ల జత తెచ్చింది. బావగారు వాటిని కిటికీ వెలుతురులో పరీక్షించి, ఇవి జత కానే కావని తేల్చి, దుకాణానికి నడిచారు. రెండూ ఒకే తానులోనివని దుకాణదారు మొత్తుకున్నాడు. ఒక తల్లి బిడ్డలైనంత మాత్రాన ఒకే పోలిక ఉండాలా అని ఈయన వాదన. పోరు పడలేక అతడు ఒకదానిని లోపలికి తీసుకువెళ్లి, మడత మార్చి మళ్లీ అదే తెచ్చి ఇచ్చాడు. బావగారు గుమ్మం దాటకుండానే పట్టుకున్నారు.

"పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే కనబడవు గానీ, బూడిదలో బూడిద మాత్రం కనబడుతుంది ఈయనకి," అని అక్క విసుక్కునేది.

"పాలు ఎప్పుడూ తెలుపేగా. చూడటానికేముంది అందులో?" అనేవారు బావగారు.

అటువంటి మనిషికి ఎట్టకేలకు పట్టణంలోని ప్రదర్శనశాలలో చోటు దొరికింది. వానాకాలమంతా ఒక్క పలక మీదనే కూర్చున్నారు. ఒక పూత వేయడం, ఆరనివ్వడం, సన్నని గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ పూత. దాని వెనుక గోడకు కూడా బూడిదరంగే వేయించారు, పలక కంటే వెంట్రుకవాసి పలచనిది. ఆ తేడా ఆయనకు తప్ప నరమానవుడికి అందదు. చట్రమంటే గిట్టదు కనుక పలకను గోడలోకి ఒదిగేటట్లు బిగించారు.

ప్రారంభం నాటి ఉదయం మేము వెళ్లేసరికి శాల మేనేజరు గుమ్మంలోనే ఎదురయ్యాడు. పక్కన గోడలకు రంగు వేసే ముసలాయన, శుభ్రంగా ఉన్న రోలరునే గుడ్డతో మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

"సార్, నిన్న గోడ మీద మరకలు సరిచేయమంటే, ఈయన మీ బొమ్మ మీద కూడా రోలరు తిప్పేశాడేమోనని అనుమానం. అంతా గోడే అనుకున్నాడట. ఎక్కడిదాకా వెళ్లాడో తనకే తెలియదంటాడు. చూస్తే నాకూ తెలియడం లేదు. మీరే చూసి చెప్పండి. పాడైందంటే ఇవాళే పని మాన్పించేస్తాను."

ముసలాయన రోలరు తుడవడం ఆపాడు.

బావగారు పలక వైపు ఒక్కసారి చూశారు. ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోవడం నాకు స్పష్టంగా కనబడింది. పడిపోతారేమోనని మోచేయి పట్టుకున్నాను. ఆయన విడిపించుకుని, ఈ అంచు నుంచి ఆ అంచుకు నిదానంగా నడిచారు. తిరిగి వచ్చి ముసలాయన చేతుల వంక చూశారు.

"ఏమీ కాలేదండీ," అన్నారు. "నిన్నటి రంగే. రెండూ ఒకటే."

బయట మెట్ల మీద ఉండబట్టలేక అడిగాను, నిజంగా తేడా లేదా అని.

"తేడా లేకపోవడమేమిటయ్యా, నా పలక చచ్చిపోయింది," అన్నారు. నాలుగడుగులు వేశాక, "నేనింకోటి వేసుకుంటాను. ఆ వయసులో ఆయనకి ఇంకో పని ఎవరిస్తారు?" అన్నారు.

ఆ సాయంత్రమే పలక పక్కన ఉన్న తన పేరుచీటీని ఎవరూ చూడకుండా ఊడబెరికి జేబులో వేసుకున్నారు. అది తన పని కానప్పుడు తన పేరుండడం ఆయన ఒప్పుకోరు. ప్రదర్శన ముగిశాక పలకను ఇంటికి తెచ్చి ముందుగదిలో తగిలించారు.

ఎవరైనా దాని ముందు నిలబడితే ఈనాటికీ వెంటనే సర్దిచెబుతారు.

"అది నాది కాదండీ, ఒక మిత్రుడు వేశాడు. రంగు కాస్త పలచనే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడైనా ఒక్క చార పడిందేమో చూపించండి."