చప్పుడు లేని కెమెరా

మా మావయ్య బడి బస్సు నడుపుతాడు. మా అత్తయ్య అదే బస్సులో ఆయా. పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఎక్కించడం, దించడం, కిటికీలోంచి తల బయట పెట్టినవాడి చెవి మెలేసి లోపలికి లాగడం ఆవిడ పని. మావయ్యది ముందు సీటు, ఆవిడది వెనక తలుపు పక్క సీటు. రోజంతా ఒకే బండిలో తిరిగినా ఒకరి మొహం ఒకరు చూసుకునే వీలు లేదు. బండి నడిపేవాడు వెనక్కి తిరగకూడదు కదా. వెనక ఏం జరుగుతోందో తెలియాలంటే నెత్తి మీద బిగించిన పొడవాటి అద్దంలో చూసుకోవాలి. మావయ్య కాపురం సగం ఆ అద్దంలోనే జరిగిందని మా అమ్మ వేళాకోళం చేస్తుంది. సొంత తమ్ముడు కాబట్టి ఆవిడకి ఆ చనువు ఉంది.

అత్తయ్య ఇంట్లో పెద్దగా నవ్వే మనిషి కాదు. కోపిష్టి అని కాదు, ఇంట్లో ఉన్నంతసేపూ ఏదో ఒక పని మీదే ధ్యాస. బస్సులో మాత్రం పిల్లలు ఆవిడని ఊరుకోనివ్వరు. ఒకడు రెండు కాళ్ళకీ రెండు రకాల బూట్లు వేసుకొస్తాడు. ఒకతి ఊడిన పన్ను ఆవిడ చేతిలో పెట్టి మళ్ళీ అతికించమంటుంది. అప్పుడు అత్తయ్య తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంది. ఆ నవ్వు మావయ్య రోజూ చూస్తాడు. చూసినట్టు ఎప్పుడూ చెప్పలేదు.

ఫోటో అనగానే ఆవిడ ఇంకో మనిషైపోతుంది. పెదాలు బిగించేసి, కళ్ళు పెద్దవి చేసి, ఎవరో గద్దిస్తే నిలబడినట్టు నిలబడుతుంది. దానికి మా ఇంట్లో ‘ఫోటో మొహం’ అని పేరు పెట్టాం. పెళ్ళి ఫోటోల నుంచి మొన్న మొన్నటి ఫోటోల దాకా ఆవిడ మొహం ఒక్కటే, చీరలే మారుతూ వచ్చాయి. నవ్వమని బతిమాలితే ఇంకా బిగుసుకుపోతుంది.

ఆ ఏడాది అత్తయ్యకి చెవి కింద చిన్న కణితి లేచింది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ప్రాణానికి ఏమీ భయం లేదు గానీ తీసెయ్యాల్సిందే అన్నాడు. అయితే మొహాన్ని కదిలించే నరం సరిగ్గా ఆ కణితి మధ్యలోంచే పోతుందట. ఆపరేషన్ తర్వాత ఆ పక్క మూతి జారిపోవచ్చు, మళ్ళీ కుదురుకోవచ్చు, కుదురుకోకపోనూ వచ్చు, ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు. అత్తయ్య అంతా విని, మళ్ళీ డ్యూటీకి ఎప్పుడు వెళ్ళొచ్చని అడిగింది. మావయ్య రిపోర్టులన్నీ సంచిలో సర్దుకున్నాడు. మర్నాడు మా ఇంటికి వచ్చి, నన్ను వాకిట్లోకి పిలిచాడు.

“జేబులో పట్టే కెమెరా ఒకటి కొనాలమ్మా. మీ అత్తయ్యకి చెప్పకు. ఆపరేషన్ అయ్యేలోగా ఆవిడ నవ్వు పట్టుకోవాలి. అది పోయిందంటే నాకు బండి ఎక్కబుద్ధి కాదు.”

ఆ మనిషి నోట అంత పెద్ద మాట నేను అంతకు ముందు వినలేదు. సరే పద అన్నాను.

ఫోన్లలో ఫోటోలు ఇంకా మసకమసకగా వచ్చే రోజులవి. కెమెరాల షాపులో కుర్రాడు మాంచి హుషారు మనిషి. ఇంట్లోవాళ్ళ ఫోటోలకి చిన్న కెమెరా కావాలనగానే అద్దాల బల్ల మీద వరసగా పరిచేశాడు. ఇందులో ఇన్ని మెగాపిక్సెళ్ళు, ఇది ఇంత దూరం లాగుతుంది, ఇదైతే ఎదుటి మనిషి నవ్వగానే తనంతట తనే ఫోటో తీసేస్తుంది అని ఊదరగొట్టాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మావయ్య అవేవీ వినలేదు. ఒక్కొక్క కెమెరానీ చొక్కా జేబులో వేసుకుని, వంగి, లేచి, ఉబ్బెత్తుగా కనిపిస్తోందా అని నన్ను అడిగాడు. తెల్లగా మెరిసేవన్నీ పక్కకి నెట్టేశాడు. నవ్వు చూసి దానంతట అదే తీసే కెమెరా కూడా వద్దన్నాడు, ఎప్పుడు నొక్కాలో తనకి తెలుసట. తర్వాత గొంతు తగ్గించి, నొక్కినప్పుడు చప్పుడు రాకుండా చెయ్యొచ్చా అని అడిగాడు. లైటు వెలగకుండా ఉంటుందా అని అడిగాడు. తను ముందుకి చూస్తూ కూర్చున్నా వెనక ఉన్నవాళ్ళు కనిపించాలి, అలాంటిది ఉందా అని కూడా అడిగాడు.

కుర్రాడి హుషారు తగ్గింది. ఎవరి ఫోటోలు తీస్తారని అడిగాడు.

సొంత భార్య అని పరాయివాడి ముందు చెప్పడానికి మావయ్యకి సిగ్గేసింది. “ఒక ఆడమనిషివి. ఆవిడకి తెలియకూడదు,” అన్నాడు.

కుర్రాడు నా వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూసి, మీరేం చేస్తుంటారని అడిగాడు. బడి బస్సు నడుపుతానని మావయ్య నిజాయితీగా చెప్పాడు. అంతే, కుర్రాడు బల్ల మీద ఉన్న కెమెరాలన్నీ ఒకటొకటిగా లోపల పెట్టెయ్యడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మావయ్య యూనిఫాం చొక్కా జేబు తడుముకోవడం మొదలుపెట్టాడు. ఇంత బతుకూ బతికి ఇంటి వెనక చచ్చినట్టు, ఏళ్ళ తరబడి పరాయి పిల్లల్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్న మనిషికి అక్కడ ఆ గతి పట్టింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ ఆడమనిషి మా అత్తయ్యేననీ, ఇదీ సంగతనీ నేనే విడమరిచి చెప్పాను. కుర్రాడు కాసేపు తల దించుకుని, లోపలి గదిలోంచి ఒక నల్ల కెమెరా తెచ్చాడు. దాని తెర పైకి లేచి పూర్తిగా ఇటు తిరుగుతుంది. కెమెరా కన్ను వెనక్కి పెట్టి తెర తన వైపు తిప్పుకుంటే, మావయ్యకి వెనకున్నదంతా బస్సు అద్దంలో కనిపించినట్టే కనిపించింది. చప్పుడూ లేదు, లైటూ లేదు. మావయ్య దాన్ని మళ్ళీ కింద పెట్టలేదు.

నడిపేటప్పుడు తీస్తాడేమోనని నాకు భయం వేసింది గానీ, ఆయన బండి ఆపినప్పుడే తీసేవాడు. బడి గేటు దగ్గర ఆగినప్పుడు కెమెరా భుజం మీదుగా వెనక్కి పెట్టేవాడు. పిల్లల గోలలో అత్తయ్య గమనించేది కాదు. వారం తిరక్కుండానే కెమెరా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“దీన్ని వాపసు ఇచ్చేద్దాం. మీ అత్తయ్య నవ్వుని తిరగేస్తోంది. నొక్కేటప్పుడు బాగానే ఉంటుంది, తర్వాత చూస్తే మూతి అటువైపు లేస్తోంది.”

ఫోటో చక్కగా ఉంది. ఎడమ పెదవి చివర ముందు పైకి లేచి, దాని పక్కనున్న పుట్టుమచ్చ బుగ్గలోకి జరిగి, అచ్చం అత్తయ్య. కాదంటాడు మావయ్య. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి ఆయన్ని మా బీరువా అద్దం ముందు నిలబెట్టి, అద్దంలోనూ, ఇటు తిప్పుకున్న ఈ తెరలోనూ కుడి ఎడమవుతుంది కదా మావయ్యా, ఇన్నేళ్ళూ నువ్వు చూసిన నవ్వే తిరగబడింది, మిగతా లోకమంతా చూసేది ఫోటోలో ఉన్నదే అని చెప్పాను.

ఆయన అద్దంలోకీ, ఫోటోలోకీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, “అంటే మీ అత్తయ్య నవ్వు నేను ఎప్పుడూ సరిగ్గా చూడనే లేదన్నమాట,” అన్నాడు. ఎందుకు చెప్పానా అని బాధపడ్డాను.

ఆపరేషన్ దగ్గర పడిందని ఒక సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. అత్తయ్య ఉతకడానికి యూనిఫాం చొక్కా తీసి, అలవాటు ప్రకారం జేబు చూసింది. కెమెరా దొరికింది. ఆవిడకి యంత్రాలంటే బెదురు లేదు, ఆ మీట ఈ మీట నొక్కి అన్నీ చూసేసింది. చూస్తున్నంతసేపూ మావయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆవిడ మురిసిపోతుందని నేను అనుకున్నాను. ఎందుకు తీశారని మాత్రం అడిగింది. మావయ్య నాతో చెప్పిన మాటే చెప్పాడు.

అత్తయ్య కెమెరా మంచం మీద పెట్టింది.

“రేపు నా మూతి ఒక పక్కకి జారిపోతే, మీరు నన్ను చూస్తారా, ఈ డబ్బాలో ఉన్నదాన్ని చూస్తారా?”

అత్తయ్య చొక్కా తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. డాక్టరు దగ్గర కూడా చలించని మనిషి ఆ ఒక్క చొక్కానే బండ మీద బాదుతూ ఉండిపోయింది. అప్పటిదాకా ఆ కెమెరా అంత మంచి ఆలోచన ఇంకొకటి లేదని నేను మురిసిపోతూ ఉన్నాను. ఆవిడ ఎంత భయపడుతోందో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంటికి వెళ్తుంటే ఆయన మీద కోపం వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆపరేషన్ అయింది. కణితి పోయింది, మూతి ఎడమ పక్కన జారింది. చూడటానికి వచ్చినవాళ్ళు ఆవిడ మొహం తప్ప గదిలో ఉన్నవన్నీ చూసి వెళ్ళారు. మావయ్య మాత్రం మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కెమెరా ఆయన జేబులో కనిపించలేదు.

డాక్టరు ఒప్పుకున్నాక అత్తయ్య మళ్ళీ బస్సెక్కింది. పెద్దవాళ్ళకున్న మొహమాటం పిల్లలకెక్కడిది? మొదటి సీటులో పిల్ల ఆవిడ మొహంలోకి పరీక్షగా చూసి, “ఆయమ్మా, నీ నోరు ఒక పక్క నిద్రపోయింది, లేపు,” అందట. మిగతా పిల్లలంతా సీట్లలోంచి మెడలు చాచి చూశారట. తర్వాత అత్తయ్య తల వెనక్కి వాల్చి నవ్వడం మొదలుపెట్టింది. కుడి పక్క ఒక్కటే లేచింది, ఎడమ పక్క కదల్లేదు, కళ్ళ వెంట నీళ్ళు మాత్రం రెండు పక్కలా కారాయి. బండి ఆగి ఉంది. మావయ్య ఇంజను కట్టేసి, సీట్లోంచి లేచి, నడవలోకి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. ఆ రోజు మళ్ళీ జేబులో వేసుకొచ్చిన కెమెరా బయటికి లాగి, ఫోటో తీస్తున్నానని చెప్పి మరీ తీశాడు. ఆవిడ వద్దనలేదు, నవ్వు ఆపుకోవడమూ ఆవిడ వల్ల కాలేదు.

ఆ తర్వాత ఒక ఫోటో పెద్దది చేయించి గోడకి పెట్టాలని మావయ్య అదే షాపుకి వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. కుర్రాడు మమ్మల్ని గుర్తుపట్టాడు. ఫోటోలన్నీ కంప్యూటర్‌లో చూసి, ఆపరేషన్‌కి ముందు తీసిన వాటిలో ఒకటి బ్రహ్మాండంగా ఉంది, అది వేద్దామన్నాడు. మావయ్య చివరి ఫోటో మీద వేలు పెట్టాడు. కుర్రాడు దాన్ని పెద్దది చేసి చూసి, మొహమాటపడుతూ, మూతి కొంచెం వంకరగా ఉందనీ, కంప్యూటర్‌లో కాసేపట్లో సరిచేసి ఇస్తాననీ అన్నాడు. వాడిది మంచి ఉద్దేశమే.

“దాన్ని ముట్టుకోకు బాబూ,” అన్నాడు మావయ్య. “వంకరేమీ లేదు. మా ఆవిడ అలాగే నవ్వుతుంది. ఎదురుగా నిలబడి చూసి మరీ తీశాను.”